మగ్గం పీరియడ్

సరోజన టీచరుకు కోపం వస్తే గొంతు పెరగదు. చేతిలో ఉన్న చాక్‌పీసు పుటుక్కున విరుగుతుంది. ఆ చప్పుడు వినబడిందంటే వెనక బెంచీ మొనగాళ్ళు కూడా ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. బడి తెరిచిన రెండో వారం, నోటీసు బోర్డు ముందు నిలబడి కొత్త టైంటేబులు చదువుతున్నప్పుడు మాత్రం ఆమె చేతిలో చాక్‌పీసు లేదు. ఆ కోపానికి విరవడానికి ఏమీ దొరక్క లోపలే ఉండిపోయింది.

బడి పేరు చెప్పను. వరంగల్లులో నేతవాడకు దగ్గర్లో, ధాన్యం మార్కెట్టుకు పోయే దారిలో ఉన్న ఒక సర్కారు హైస్కూలు అనుకోండి, చాలు. తొమ్మిదో తరగతికి మధ్యాహ్నం మొదటి పీరియడ్ ఎదురుగా కొన్ని పేర్లు పక్కపక్కన రాసి ఉన్నాయి. కాంపోజిట్ లెక్కలు, మగ్గం పని, కుట్టుపని, తోటపని. అన్నీ అదే గంటలో, వారం పొడుగునా. ఒకదాంట్లో కూర్చున్న పిల్ల ఇంకోదాంట్లోకి పోవడానికి వీల్లేకుండా నాలుగు గోడలు కట్టినట్టుగా ఉంది ఆ టైంటేబులు.

డెబ్భైల చివరి మాట ఇది. అప్పట్లో లెక్కలు రెండు రకాలుగా ఉండేవి. జనరల్ లెక్కలు చదివితే పదో తరగతి గట్టెక్కుతారు, అంతే. కాంపోజిట్ చదివినవాళ్ళకే ఇంటర్లో లెక్కల గ్రూపు, దాని తర్వాతే ఇంజనీరింగు. ఊరవతలే ఇంజనీరింగు కాలేజీ ఉంది. ఎక్కడెక్కడి పిల్లలో రైలు దిగి వచ్చి అందులో చదువుకుంటున్నారు. నేతవాడ పిల్లలు మాత్రం దాని గేటు ముందు సైకిలు ఆపి, లోపల చెట్లు ఎంత బాగున్నాయో చూసి వెనక్కి వచ్చేస్తారు. ఎవరు ఏ లెక్కలు చదువుతున్నారో దసరా సెలవుల లోపల పరీక్షల బోర్డుకు రాసి పంపాలి. ఒకసారి పంపాక ఇక మారదు.

ఒళ్ళు మండే సంగతి ఏమిటంటే, ఆ మగ్గాన్ని బడిలోకి తెచ్చింది సరోజనే.

ఎండాకాలంలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పుస్తకాల చదువొక్కటే చదువు కాదట, ప్రతి హైస్కూలూ తనకు తగిన విశాలమైన పాఠ్య ప్రణాళిక తయారు చేసుకోవాలట, అన్ని రకాల పిల్లలకూ అందులో చోటుండాలట. హెడ్మాస్టరు సాంబమూర్తి గారు ఒక కమిటీ వేశారు. ఆయన, లెక్కల సారు వెంకట్రాజం, సోషల్ చెప్పే సరోజన. మగవాళ్ళిద్దరూ సెలవులు సెలవుల్లాగే గడిపారు. సరోజన మాత్రం ఇంటి అరుగు మీద కూర్చుని, చెమట తుడుచుకుంటూ ప్రణాళిక రాసింది. అందరూ కాంపోజిట్ లెక్కలు చదవాలి. అందరూ మగ్గం మీద కూర్చోవాలి. మగపిల్లలు గుండీ కుట్టుకోవాలి, కూర తాలింపు వెయ్యాలి. ఆడపిల్లలు రంపం పట్టాలి. ఆఫీసరు కొడుకు చేతికి మట్టి అంటాలి, హమాలీ కొడుకు చేతికి కంపాసు పెట్టె రావాలి. సాంబమూర్తి గారు చదివి, "శభాష్ అమ్మా, జిల్లాకే వన్నె తెచ్చే పని చేశావు," అని టీ తెప్పించారు. ఆ టీ రుచి తలుచుకుంటే సరోజనకు ఇప్పుడు వాంతి వచ్చినంత పనవుతుంది.

మగ్గం కొనడానికి బడి దగ్గర డబ్బు లేదన్నారు. సరోజనదీ నేతవాడే, ఇంటికి పోయి తండ్రి మొండయ్యను అడిగింది. వసారాలో ఉన్న టేకు మగ్గం, తన తండ్రి చేయించింది, ఇచ్చేస్తానన్నాడు. వాడంతా ఈ మాట పాకింది. మన పని బడిలో పాఠం చేస్తున్నారట! మన చేతుల పనికి పంతుళ్ళు మార్కులు వేస్తారట! జనం తలా ఇంత నూలు వేసుకుని మగ్గం మీద నిలువునా సాగే పోగుల పెద్ద పడుగు తయారు చేశారు. మగ్గాన్ని విడదీసి, పసుపు రాసి, బండి మీద పెట్టి, డప్పులతో బడికి ఊరేగించారు. ఎవరి పిల్లల మెడకు వాళ్ళే పలుపు పేనుకుంటూ డప్పు కొట్టించుకోవడం అంటే ఇదే. అయితే ఆ సంగతి అప్పుడెవరికి తెలుసు?

నేతవాళ్ళలో ఒక పట్టింపు ఉంది. మగ్గం మీదికెక్కిన పడుగును మధ్యలో కొయ్యరు. బట్ట నేత పూర్తయినా, పోగులను దువ్వెనలా విడదీసే అచ్చులో జానెడు పోగులు అలాగే ఉంచి, కొత్త పడుగును ఆ పాత పోగులకు ఒక్కొక్కటే అతుకుతారు. అలా తాతల నాటి నుంచి మగ్గం తెగకుండా నడుస్తుంది. ఇంట్లో మనిషి పోతే నేత ఆగుతుందే గానీ పడుగు తెగదు. మొండయ్య మగ్గం కూడా అచ్చులో ఆ జానెడు పోగులతోనే బడికి వచ్చింది. కొత్త పడుగును ఆయనే వచ్చి, బడి గదిలో కూర్చుని, పూట పొడుగునా అతికి పోయాడు. సాంబమూర్తి గారు మెడలో దండ వేశారు.

టైంటేబులు కింద ఏ పిల్లలు ఎక్కడో కూడా రాశారు. సరోజన ఒక్కో పేరూ చదివింది. మగ్గం దగ్గర నేతవాడ పిల్లలంతా. తోటపనిలో హమాలీల పిల్లలు, పల్లెల నుంచి నడిచి వచ్చేవాళ్ళు. కుట్టుపనిలో మిగిలిన ఆడపిల్లలు. కాంపోజిట్ లెక్కల్లో మార్కెట్టులో ధాన్యం వ్యాపారం చేసే అడ్తిదారుల కొడుకులు, ఆఫీసర్ల పిల్లలు, హెడ్మాస్టరు గారి మేనల్లుడు. ఆ మేనల్లుడికి ఎక్కాలు రావని బడి బల్లలకు కూడా తెలుసు.

వెనక నుంచి ఎవరో కొంగు పట్టి లాగారు. మొగిలమ్మ. నేతవాడలో నాలుగిళ్ళ అవతలి పూలమ్మ కూతురు. లెక్క ఇస్తే అన్నం మరిచిపోయే పిల్ల.

"టీచర్, నా పేరు మగ్గం కాడ రాసిన్లు."

"చూసిన బిడ్డా."

"పొద్దుగాల లేస్తె ఇంట్ల నూలు కండెలు సుట్టుడే నా పని. బడికొచ్చి గూడ గదేనా? నాకు రానిది నేర్పుతరనే గద మా అవ్వ నన్ను బడికి తోలింది!"

సరోజన నేరుగా హెడ్మాస్టరు గదిలోకి నడిచింది. వెంకట్రాజం సారు కూడా అక్కడే ఉన్నాడు.

"సార్, నేను రాసింది ఇది కాదు."

సాంబమూర్తి గారు చల్లగా నవ్వారు. "నువ్వు రాసిన సబ్జెక్టుల్లో ఒక్కటైనా తీసేశానా అమ్మా? కుట్టు ఉంది, తోట ఉంది, మగ్గం ఉంది. ఇంత విశాలమైన ప్రణాళిక జిల్లాలో ఇంకో బడిలో చూపించు."

"అన్నీ ఉన్నయి సార్. అందరికీ లేవు."

"అందరికీ అన్నీ అంటే గదులేవి, మనుషులేరి? ఇంటి వాతావరణాన్ని బట్టి ఎవరికి తగింది వాళ్ళకు పెట్టాం. రేపు పరీక్షలో తప్పి ఏడవడం కన్నా, చేతిలో ఉన్న పనిలో ఫస్టు రావడం మంచిది కాదూ?"

"ఇంట్ల ఉన్నదే చాలైతే బడెందుకు సార్? తాళం ఏసుకొని అందరం ఇండ్లకు పోదాం."

ఆయన నవ్వు ఆగింది. వెంకట్రాజం గొంతు సవరించుకున్నాడు. "నిరుడు కాంపోజిట్ల సగం మంది తప్పిన్లు టీచర్. రిజల్టు పడితే మెమో నాకొస్తది, మీకు గాదు. ఇంట్ల సదువు చెప్పేటోళ్ళు లేని పిల్లలను నేనెట్ల గట్టెక్కియ్యాలె?"

"మొగిలమ్మ ఏనాడన్న తప్పిందా?"

సాంబమూర్తి గారు కాగితాలు సర్దుతూ, "మీ వాడవాళ్ళకు లేని బాధ నీకెందుకమ్మా? వెళ్ళి అడుగు, ఎంత సంతోషంగా ఉన్నారో," అన్నారు.

ఆ మాట అబద్ధం కాదు. అదే సరోజన కడుపు మండించింది. సాయంత్రం వాడలోకి పోతే పూలమ్మ ఎదురొచ్చి, "మా మొగిలికి మగ్గం ఇచ్చిన్లట గద సరోజనా! నీ పుణ్యమా అని మన పనికి ఇజ్జత్ వచ్చింది," అని చేతులు పట్టుకుంది. అరుగుల మీద కండెలు చుడుతున్న వాళ్ళంతా నవ్వు ముఖాలతో చూశారు. సరోజన అక్కడే నిలబడింది.

"వదినె, ఇజ్జత్ గల్ల పనే అయితే ఆ మగ్గం మీద అడ్తిదారు కొడుకు కూసోవాలె గద. కూసున్నడా? హెడ్మాస్టరు మేనల్లుడు కూసున్నడా?"

"వాళ్ళకెందుకు మన పని?"

"మరి వాళ్ళ లెక్కలు మన పిల్లలకెందుకొద్దన్నరు? మగ్గం పీరియడ్‌ల కూసున్న పిల్లకు కాంపోజిట్ లేదు. కాంపోజిట్ లేకుంటె మొగిలి ఇంజనీరు గాదు, లెక్కల పంతులమ్మ గూడ గాదు. దసరాకు పేరు పోయిందంటె ఇగ దేవుడు దిగొచ్చినా మారది."

పూలమ్మ చేతులు జారిపోయాయి. వాడలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆ మగ్గాన్ని అడిగి తీసుకుపోయింది ఈవిడే కదా అని ఎవరూ పైకి అనలేదు. అనకపోవడమే ఇంకా మండించింది.

మొండయ్య గుమ్మం దగ్గర నుంచి అంతా విన్నాడు. "ఫికర్ జెయ్యకు. నా మగ్గం నేను తెచ్చుకుంట. మగ్గం లేకుంటె మగ్గం పీరియడ్ ఏడుంటది?" అన్నాడు.

మర్నాడు బండి కట్టించుకుని బడికి పోయాడు. సాంబమూర్తి గారు కుర్చీ వేయించి కూర్చోబెట్టారు. విషయం విని, తాపీగా, "పడుగు మీదున్న మగ్గాన్ని ఎట్లా కదిలిస్తావు మొండయ్యా? మీలో నడిమిట్ల కొయ్యరు కదా. ఆ పడుగు నేత అయిపోనీ, బంగారంలా తీసుకుపో," అన్నారు. వాడంతా నూలు పోసిన పడుగు అది, వాళ్ళ ప్రేమ కొద్దీ పొడుగు పెట్టారు. పిల్లల చేతుల్లో వారానికి మూరెడు కూడా సాగదు. అది అయిపోయేసరికి మొగిలమ్మ పదో తరగతి కూడా అయిపోతుంది. ఖాళీ బండి తోలుకుని మొండయ్య ఇంటికొచ్చాడు.

అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూ ఉండిపోయాడు. "మన కట్టుబాటు ఆయనకు ఎవలు చెప్పిన్లే?" అన్నాడు చివరికి.

"నేనే బాపూ. ప్రణాళికల రాసిన. మన వాళ్ళ గొప్ప చెప్పాల్నని." సరోజన కంచం పక్కకు నెట్టేసింది. ఏడుపు రాలేదు. ఏడుపొస్తే బాగుండేది, కొంత చల్లారేది.

ఇక ఆమె ఊరుకోలేదు. రెండు అర్జీలు పెట్టింది, రెండూ సాంబమూర్తి గారి సొరుగులోనే కూర్చున్నాయి. పొద్దున బడి మొదలుకాక ముందే పిల్లలకు కాంపోజిట్ చెప్పమని వెంకట్రాజాన్ని బతిమాలింది. ఆయన తల గీరుకుంటూ వారం తిప్పి, హెడ్మాస్టరు వద్దన్నారని చెప్పేశాడు. గోడకు చెప్పుకున్నట్టే అయింది. పిల్లలు రోజూ మధ్యాహ్నం ఆ గదిలో పేక నూలున్న నాడె అటూ ఇటూ విసురుతూ, పక్క గదిలోంచి వినబడే లెక్కలను చెవులు రిక్కించి వింటున్నారు. మొగిలమ్మ అయితే నేత ఆపి గోడకు చెవి ఆనించేది.

భాద్రపదంలో, పేర్లు పంపడానికి ఇంకా కొద్ది రోజులున్నాయనగా, జిల్లా ఆఫీసు నుంచి పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. వరండాకు సున్నం వేశారు, మామిడాకులు కట్టారు. మగ్గం ఇచ్చిన దాతగా మొండయ్యను పిలిపించారు, శాలువా కప్పుతారట. ఆఫీసరు గదిలోకి అడుగుపెట్టగానే సాంబమూర్తి గారు తేనె పూసిన గొంతుతో మొదలుపెట్టారు. "ఏ పిల్లనూ వదలకూడదన్నదే మా లక్ష్యం సార్. ఎవరి కళ వాళ్ళకు. చూడండి, చేతిలోనే విద్య!"

మగ్గం మీద మొగిలమ్మను కూర్చోబెట్టారు. తలలో పూలు కూడా పెట్టించారు. ఆఫీసరు వంగి, బొమ్మను చూసినట్టు ముచ్చటగా చూశాడు.

"పెద్దయ్యాక ఏం చేస్తావమ్మా?"

"పెద్దయినంక సంగతి తర్వాత సార్. ఇప్పుడు నాకు పక్క గది కావాలె. ఆడ లెక్కలు చెప్తాన్లు."

సాంబమూర్తి గారు గట్టిగా నవ్వారు. "గడుసుపిల్ల సార్!" ఆఫీసరూ నవ్వాడు. "తాతల నాటి కళ వదులుకోకూడదమ్మా. చక్కగా నేర్చుకో," అని ఆమె తల నిమిరాడు. మొగిలమ్మ తల వంచుకుంది. ఆ వంచిన తలలో కనకాంబరాలు వణకడం సరోజన చూసింది.

ఆమె గది దాటి బయటికి పోయింది. ఎదురుగా కుట్టుపని గది. బల్ల మీద పెద్ద కత్తెర. తీసుకుని వెనక్కి వచ్చింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆమె మగ్గం దగ్గరికి పోయి, "లే మొగిలీ," అంది. పిల్ల లేచి నిలబడింది. అప్పుడు అర్థమైంది సాంబమూర్తి గారికి.

"సరోజనా! ఏం చేస్తున్నావు! మొండయ్యా, చూడవయ్యా, మీ కట్టుబాటేమైంది?"

మొండయ్య కుర్చీలోంచి లేచాడు. భుజాల మీద కప్పిన శాలువా కింద పడింది. "ఆగు," అన్నాడు.

సరోజన చెయ్యి ఆగింది. సాంబమూర్తి గారు ఊపిరి పీల్చుకున్నారు. మొండయ్య మెల్లగా వచ్చి పడుగు మీద చెయ్యి వేశాడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి. తన జన్మలో ఒక్క పడుగైనా మధ్యలో తెంపి ఎరుగడు. ఆయన అచ్చు దగ్గర నుంచి బొటనవేలూ చిటికెన వేలూ చాపి కొలిచాడు.

"గీడ కొయ్యి. జానెడు ఇడిసి. మల్ల అతుక్కుంట."

కత్తెర పడింది. బిగుతుగా ఉన్న పడుగు తెగుతూ తెగుతూ ఒక్కసారిగా వెనక్కి ముడుచుకుంది. గుమ్మంలో నిలబడ్డ నేతవాడ పిల్లల్లో ఒకడు భయంతో కళ్ళు మూసుకున్నాడు. మొండయ్య మాత్రం ముయ్యలేదు. చివరి పోగు దాకా చూశాడు.

"ఇది బడి ఆస్తి!" అని అరిచారు సాంబమూర్తి గారు. "ప్రభుత్వ ఆస్తిని నాశనం చేశారు! ఉద్యోగం ఊడుతుంది!"

మొండయ్య తిరిగాడు. ఆయన గొంతు అంత పెద్దదని కూతురికి కూడా అప్పటిదాకా తెలియదు. "మగ్గం నాది. నూలు మా వాడది. పిల్లలు మా పిల్లలు. మీదేమున్నది సారూ దీంట్ల?"

సరోజన కత్తెరను బల్ల మీద పెట్టి ఆఫీసరు వైపు తిరిగింది. "ఈ పీరియడ్‌కు ఈ పిల్లలకు ఇగ పని లేదు సార్. ఏడ కూసోబెట్టాల్నో మీరే చెప్పున్రి."

ఆఫీసరు సాంబమూర్తి గారి వైపు చూశాడు, తెగిన పడుగు వైపు చూశాడు, తన గడియారం వైపు చూశాడు. "అదే... ఎక్కడో అక్కడ సర్దండి," అని గొణుగుతూ జీపు వైపు నడిచాడు. ఇరవై గజాలు నడిచేలోపే ఆయన చేతులు దులుపుకున్నాడు. అయినా అనేశాడు కదా, సరోజనకు ఆ మాట చాలు.

ఆమె పిల్లలను వెంటబెట్టుకుని పక్క గదికి పోయింది. వెంకట్రాజం చాక్‌పీసు పట్టుకుని బోర్డు ముందు బిగుసుకుపోయి ఉన్నాడు. చప్పుడంతా విన్నాడు.

"బెంచీలు లేవు టీచర్," అన్నాడు నీరసంగా.

"కింద కూసుంటం సార్," అంది మొగిలమ్మ. "ఇంట్ల మగ్గం గుంటలనే కూసుంటం. మాకు అలవాటే."

కూర్చున్నారు. బెంచీల మీది పిల్లలు కాళ్ళు పైకి తీసుకున్నారు. సరోజన వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో కుట్టుపని పిల్లలు. ఒకమ్మాయి చేతిలో ఇంకా సూదీ దారం ఉన్నాయి. "మేం గూడ రావాల్నా టీచర్?" అంది.

"రాండ్రి."

వాళ్ళ వెనకే తోటలోంచి హమాలీల పిల్లలు మట్టి చేతులు చొక్కాలకు తుడుచుకుంటూ వచ్చారు. గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. వెంకట్రాజం కాసేపు అందరినీ చూశాడు. తర్వాత పోయి వరండా వైపు కిటికీలు తెరిచాడు. బయట నిలబడ్డవాళ్ళకు బోర్డు కనబడేలా బల్ల జరిపాడు. మొదటి పాఠం నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.

దసరా ముందు పేర్లు బోర్డుకు పోయాయి. పెద్ద ఆఫీసరు కళ్ళముందే జరిగిన గొడవను కాగితం మీద దాచే ధైర్యం సాంబమూర్తి గారికి లేకపోయింది. మొగిలమ్మకు కాంపోజిట్ వచ్చింది. అడిగిన ప్రతి పిల్లకూ వచ్చింది. మొండయ్య మగ్గం ఇంటికొచ్చింది. తెగిన ఆ జానెడు పోగులకు ఆయన రోజుల తరబడి ఎవరితోనూ మాట్లాడకుండా పడుగు అతుకుతూ కూర్చున్నాడు. ఆ కోపంలో ఒక్క ముడి కూడా వదులుగా పడలేదు.

సరోజనకు బదిలీ ఆర్డరు వచ్చింది. ములుగు అవతల, అడవి పల్లెల పిల్లలు చదివే బడి. క్రమశిక్షణ చర్య అని అందులో రాయలేదు, పరిపాలనా సౌలభ్యం అని రాశారు. ఆమె బస్సు దిగి, అక్కడి నుంచి జీపులో బడి చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడి హెడ్మాస్టరు మంచినీళ్ళిచ్చి, వరండాలోకి తీసుకుపోయాడు. గోడ పొడుగునా పిల్లలు కింద కూర్చుని వెదురు బద్దలతో బుట్టలు అల్లుతున్నారు. పక్క గదిలో ఎవరో లెక్కలు చెబుతున్నారు.

"మా బడి ప్రత్యేకత ఇది టీచర్," అన్నాడాయన మురిసిపోతూ. "వీళ్ళ పనే వీళ్ళకు పాఠం చేశాం. ఎట్లున్నాయి బుట్టలు?"

సరోజన చేతిసంచి కింద పెట్టింది. ఆ వరస ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒక్కో ముఖమూ చూసింది.

"బుట్టలు మంచిగున్నయి సార్," అంది. "వీళ్ళల్ల మీ పిల్లలెవరు?"